మనోళ్ళు ఎవరన్నా ఉన్నారా?

మిర్చి కోతలకు మనుషులు కావాలని మేస్త్రీ మా గూడేనికి వచ్చినప్పుడు మా అమ్మ కూలి ఎంతని ముందు అడిగేది కాదు. "ఇంకా ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగేది. ఏ ఊరివాళ్ళు, ఎంతమంది, ఆడవాళ్ళు ఎందరు, రాత్రి పడుకునేది ఎక్కడ. ఇవి తేలాకే కూలి మాట. కూలి బాగున్నా తోడు లేకపోతే వెళ్ళేది కాదు. గూడెంలో ఆడవాళ్ళందరూ అట్లాగే అడిగేవాళ్ళు. మేస్త్రీ కూడా ఎప్పుడూ తప్పుపట్టలేదు. అడుగుతారని తెలుసు కాబట్టి పేర్లు నోటికి పెట్టుకుని వచ్చేవాడు.

పనికి పోయేముందు "అక్కడ మనోళ్ళు ఎవరన్నా ఉన్నారా" అని అడగడం మనకు ఎవరో వచ్చి నేర్పింది కాదు. అయితే ఈ మధ్య దాన్ని మన పిల్లలకు కొత్తగా నేర్పుతున్నారు. నేర్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ వ్యాసం.

ఉద్యోగ మేళాలకు ముందు మన పిల్లలకు వారం పది రోజులు శిక్షణ ఇస్తారు. అందులో పంచే జిరాక్స్ పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. రాసినవాళ్ళ పేరు లేదు. ఇంగ్లీషు నుంచి దించారని మొదటి పేజీ చదివితేనే తెలిసిపోతుంది. చెయ్యి ఎలా కలపాలి, కుర్చీలో ఎలా కూర్చోవాలి, నీ బలహీనత ఏమిటంటే ఏం చెప్పాలి, ఇట్లా సాగుతుంది. చివరి అధ్యాయం ఇంటర్వ్యూ చేసేవాళ్ళను మనం ఏం అడగాలన్నది. నిజానికి పుస్తకం మొత్తంలో నాకు నచ్చింది ఆ అధ్యాయమే. అడిగే హక్కు మనకూ ఉందని మన పిల్లలకు చెప్పేవాళ్ళు తక్కువ. కానీ అందులో ఒక ప్రశ్న ఇలా ఉంది: "మీ సంస్థలో వైవిధ్యం, సమ్మిళితత్వం పట్ల మీ నిబద్ధత ఎలాంటిది?"

ఈ వాక్యాన్ని తెలుగు నేల మీద ఎవరైనా నోటితో పలికారా? నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు జీవవైవిధ్యం గురించి చెబుతాను. అడవిలో ఎన్ని రకాల చెట్లు, ఎన్ని రకాల పిట్టలు అని. అక్కడ లెక్కపెట్టేవాడు చెట్టు కాదు, బయట నిలబడ్డ మనిషి. ఉద్యోగం అడగడానికి వచ్చిన పిల్ల "మీ దగ్గర వైవిధ్యం ఉందా" అంటే, "నాలాంటి రకం మీ దగ్గర ఉందా" అని తనే అడిగినట్టు అవుతుంది. మా అమ్మ అడిగింది అది కాదు. నాకు తోడెవరు అని అడిగింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. నేను జీవితంలో ఒక్క ఇంటర్వ్యూకు కూడా వెళ్ళలేదు. టీటీసీ చేశాను, డీఎస్సీ రాశాను, మార్కుల మీద ఉద్యోగం వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవో 3 అప్పుడు అమల్లో ఉంది. మొదటి రోజు బడికి వెళితే స్టాఫ్ రూంలో అందరివీ తెలిసిన ఇంటిపేర్లే. ఎవరున్నారని అడగాల్సిన అవసరమే రాలేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవో చెల్లదని చెప్పింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు షరతులతో నిలిచాయి. మా తరువాతి పిల్లలకు ఆ దారి ఇరుకైంది. వాళ్ళు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. ఇంటర్వ్యూ గది ఎలా ఉంటుందో చూడని నేను వాళ్ళకు ఇంటర్వ్యూ పాఠాలు చెబుతున్నాను.

నా దగ్గర ఐదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె జీఎన్‌ఎం నర్సింగ్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఇంటర్వ్యూకు వెళుతూ ఫోన్ చేసింది. నేను ఆ పుస్తకం తీసి చివరి అధ్యాయం చదివి వినిపించాను. ఆ వైవిధ్యం ప్రశ్న తప్పకుండా అడుగమ్మా, నువ్వు తెలిసినదానివని అనుకుంటారు అన్నాను. తను రాసుకుంది.

లోపల ముగ్గురు కూర్చున్నారట. సబ్జెక్టు ప్రశ్నలు అయిపోయాయి. బాగానే చెప్పింది. నువ్వేమైనా అడుగుతావా అన్నారు. అడిగింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నవ్వి, "మా దగ్గర కులం గిలం ఏం చూడమమ్మా, అందరూ సమానమే" అన్నాడు. పక్కనున్నావిడ వెంటనే, "ఎందుకు అడుగుతున్నావ్? ఇంతకుముందు ఎక్కడైనా గొడవైందా?" అంది. ఆ తరువాత ఇంకో రెండు ప్రశ్నలు వచ్చాయి. మీ ఊరు ఎక్కడ, మీ నాన్న ఏం చేస్తాడు.

ఉద్యోగం రాలేదు. ఆ ప్రశ్న వల్లే పోయిందని నేను అనను. ఉన్నవి రెండో మూడో పోస్టులు, వచ్చినవాళ్ళు చాలామంది. నా విమర్శ ఆ ముగ్గురి మీద కూడా కాదు. ఆ గదిలో జరిగిన మాటల వరుస మీద.

"మేం చూడం" అన్న జవాబును కాస్త నిలబెట్టి చూడండి. ఎంతమంది ఉన్నారని అడిగితే లెక్క చెప్పాలి. చూడం అంటే లెక్క లేదని అర్థం. లెక్క లేకపోవడాన్ని మంచితనంగా చెప్పే తీరు ఇది. చెప్పినాయన కపటి అయి ఉండనక్కరలేదు, మనసారా నమ్మే చెప్పి ఉంటాడు. కానీ అదే నోళ్ళు మరుక్షణమే ఊరు అడిగాయి, తండ్రి పని అడిగాయి. ఇంటిపేరు ఎలాగూ దరఖాస్తు మీదే ఉంది. ఊకె, పూనెం, కారం, తెల్లం అని ఉంటే తెలిసినవాళ్ళకు ఊరు కూడా అడగనక్కరలేదు.

దీని మీద 2007లోనే పరిశోధన వచ్చింది. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే ఇద్దరు పండితులు కంపెనీల్లో మనుషుల్ని తీసుకునే అధికారులతో మాట్లాడి ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. ప్రతిభే చూస్తాం, కులం చూడం అని చెప్పిన అధికారులే కుటుంబ నేపథ్యం ముఖ్యమని కూడా చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, తల్లి చదువుకుందా, ఎక్కడ పెరిగాడు అన్నవాటిని బట్టి మనిషి ఎలాంటివాడో తెలుస్తుందన్నది వాళ్ళ నమ్మకం. అదే సంవత్సరం సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ ఇంకో పని చేశారు. ఒకే రకం చదువు చూపిస్తూ పేర్లు మాత్రం మార్చి పేపర్లో వచ్చిన ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేర్లకు వచ్చినన్ని పిలుపులు దళిత, ముస్లిం పేర్లకు రాలేదు. ఆ పరీక్షలో ఆదివాసీ పేర్లు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదయ్యా అని వాళ్ళను కూడా అడగాలనిపిస్తుంది.

మన జిరాక్స్ పుస్తకం మాత్రం మూడో పేజీలోనే ఆ తలుపు తనంతట తాను తెరిచిపెడుతుంది. "మీ గురించి చెప్పండి" అంటే చెప్పాల్సిన నమూనా జవాబు అందులో ఉంది. మా స్వగ్రామం ఫలానా, మా నాన్నగారు వ్యాపారం చేస్తారు, మా అమ్మగారు గృహిణి. మన పిల్లవాడు దీన్ని ఎలా నింపాలి? నాన్న పోడు చేస్తాడు, అమ్మ వేసవిలో తునికాకు కోస్తుంది, మిగతా రోజులు కూలికి పోతుంది. అది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ అడగకముందే చెప్పాల్సిన అవసరం కూడా లేదు. నేను ఏం చదివాను, ఏ వార్డులో ఎన్ని నెలలు పనిచేశాను, ఏ పని చేయగలను అని మొదలుపెడితే చాలు. పుస్తకం రాసినవాళ్ళకు ఈ తేడా తట్టలేదు. వాళ్ళ నాన్నగారు వ్యాపారం చేసి ఉంటారు.

అసలు ఈ వైవిధ్యం ప్రశ్న పుట్టిన చోటు అమెరికా. అక్కడ అది గాలిలో నుంచి రాలేదు. 1964 పౌరహక్కుల చట్టం ఉంది. జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం చూపి ఉద్యోగంలో వివక్ష చేయకూడదని ఆ చట్టం చెబుతుంది. వంద మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు యజమానులు తమ దగ్గర ఏ జాతివాళ్ళు ఎంతమంది, ఆడవాళ్ళు ఎందరు, మగవాళ్ళు ఎందరు అని ఒక ప్రభుత్వ సంస్థకు ఏటా లెక్క పంపాలి. అంటే ఆ ప్రశ్న వెనక ఒక రిజిస్టరు ఉంది. అడిగినవాడికి జవాబు రాకపోయినా, జవాబు ఎక్కడో రాసి ఉంటుంది. ట్రంప్ 2025 జనవరిలో రెండోసారి గద్దెనెక్కగానే ప్రభుత్వ శాఖల్లో ఈ వైవిధ్య కార్యక్రమాలను ఎత్తివేసే ఆదేశాలిచ్చాడు. పెద్ద కంపెనీలు కొన్ని తమ కాగితాల్లో ఆ మాటే తగ్గించుకున్నాయి. పుట్టినచోటనే ఆ మాట బతుకు అట్లా ఉంది.

మన దగ్గరికి ప్రశ్న వచ్చింది, రిజిస్టరు రాలేదు. ఇక్కడ స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలు, మొదటి వెయ్యి, 2022-23 నుంచి సెబీకి ఏటా ఒక నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో ఆడవాళ్ళు ఎంతమంది, వికలాంగులు ఎంతమంది అన్న గడులు ఉన్నాయి. ఉండాల్సిందే, ఆ గడులు ఊరికే రాలేదు. ఎస్టీ ఉద్యోగులు ఎంతమంది అన్న గడి మాత్రం లేదు. కాబట్టి మన అమ్మాయి ఆ ప్రశ్న అడిగితే, అవతలివాడు నిజాయితీపరుడైనా సరే, నలభై శాతం ఆడవాళ్ళున్నారని చెప్పగలడేమో గాని కోయవాళ్ళు ఎందరున్నారో చెప్పలేడు. రేపు ఆ గడి పెట్టినా అది ఎస్టీ అన్న ఒక్క గడే. తెలంగాణలో 32 తెగలు ఆ గడిలో ఉంటాయి. కొండరెడ్డి పిల్ల ఒక్కతె కూడా లేకుండానే ఆ గడి నిండిపోగలదు.

సర్కారు ఉద్యోగాల్లో సంగతి వేరు. అక్కడ ఈ ప్రశ్నను ఇంటర్వ్యూలో అడగరు, రోస్టర్ రిజిస్టరులో చూస్తారు. ఏ పాయింటు ఎవరిది, నిండిందా, ఖాళీయా అన్నది రాసి ఉంటుంది. కేంద్రంలో ఎస్టీలకు 7.5 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. కేంద్ర శాఖలకైతే రుసుము 10 రూపాయలు. అడిగినవాడు ఏ కులమో, ఎందుకు అడిగాడో చెప్పనక్కరలేదు. చిన్న ఉద్యోగాలకు ఇంటర్వ్యూనే తీసేశారు కూడా. కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, డి ఉద్యోగాలకు, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూ రద్దు చేసింది. ఇంటర్వ్యూ గది పూర్తి బలంతో మిగిలింది ప్రైవేటులోనే. రిజర్వేషనూ, రోస్టరూ, సమాచార హక్కూ లేనిది కూడా అక్కడే. మన పుస్తకం మన పిల్లల్ని ఆ గదిలోకే ఒట్టి ప్రశ్నతో పంపుతోంది.

ఫలితం తెలిశాక ఆ అమ్మాయితో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. ధైర్యం చెప్పబోతే అడ్డుపడింది. "సార్, ఆ ప్రశ్న మీరు చెప్పిందే గదా. నాది గాదు. నాకు తెలుసుకోవాల్సింది వేరే ఉండె. హాస్టల్ల నాతో ఎవరుంటరు, నైట్ డ్యూటీ అయినంక హాస్టల్‌కి ఎట్ల పోవాలె, సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టుకుంటరా. అవి అడగనేలే. మీరు చెప్పింది అడిగేసరికి టైం అయిపాయె."

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను.

తరువాత తను ఇంకో ఆసుపత్రికి వెళ్ళింది. ఈసారి నన్ను అడగలేదు. ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రమే వెళ్ళి డ్యూటీ మారే వేళకు గేటు దగ్గర నిలబడిందట. బయటికి వచ్చే నర్సులతో మాట కలిపింది. మీదెక్కడ, మీదెక్కడ అని. ములుగు వైపు పిల్ల ఒకతె దొరికింది. ఇద్దరూ టీ బండి దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. హాస్టల్ గదికి ఆరుగురు, మంచాలు నాలుగు. జీతం ఆలస్యమవుతుంది గాని వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు, జిరాక్సులు ఇచ్చి గట్టిగా ఉంటే ఊరుకుంటారు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు రెండు రోజులు సెలవు అడిగితే ఒక్క రోజు ఇచ్చారు. రెండో రోజు జీతం కోశారు. ఇవన్నీ విన్నాకే మరునాడు లోపలికి వెళ్ళింది. లోపల ఏమీ అడగలేదు. చేరింది.

ఆ జిరాక్స్ పుస్తకంలో ఈ గేటు లేదు, టీ బండి లేదు. అడగడమంటే బల్లకు ఇటువైపు కూర్చుని అటువైపువాళ్ళను అడగడమేనని ఆ పుస్తకం అనుకుంటుంది. నేనే మళ్ళీ ఆ అధ్యాయం రాస్తే వైవిధ్యం అన్న మాట తీసేసి మామూలు తెలుగులో అడిగేవి పెడతాను. ఇక్కడ ఏయే జిల్లాల నుంచి వచ్చి పనిచేస్తున్నారు అని అడగొచ్చు. అది ఎవరికీ తప్పుగా తోచదు, జవాబులోనే సగం తెలిసిపోతుంది. కిందటేడు చేరినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారని అడగొచ్చు. సెలవు ఎన్ని రోజుల ముందు పెట్టాలని అడగొచ్చు. అది ఏ పండుగకో మనకు తెలుసు. ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారని ఆడపిల్లలు అడగొచ్చు. పది మంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఆ కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఈ ప్రశ్న వెనక చట్టం ఉంది కాబట్టి "మేం చూడం" అనడానికి వీల్లేదు.

ఇదంతా మా స్టాఫ్ రూంలో చెప్పినప్పుడు తోటి ఉపాధ్యాయుడు ఒకాయన ఒప్పుకోలేదు. "అన్నా, నువ్వు పిల్లల్ని దాక్కోమంటున్నావ్. మనం అడగకపోతే మనం లేమన్న సంగతి వాళ్ళకు ఎప్పుడు తెలుస్తది? మనం కోయోళ్ళమని చెప్పి, మావాళ్ళు ఎంతమంది ఉన్నరు అని సూటిగా అడగాలె" అన్నాడు. చాలాసేపు వాదించుకున్నాం. ఆయన మాటలో నిజం ఉంది. జిల్లాల పేరుతో చుట్టుతిప్పి అడగడంలో నాకూ కొంత చిన్నతనం ఉంది. మా అమ్మ చుట్టుతిప్పలేదు గదా. కానీ మా అమ్మ ఒక్కతె నిలబడి అడగలేదు. గూడెం ఆడవాళ్ళంతా వెనక ఉన్నారు. వీళ్ళు రాకపోతే మేస్త్రీకి కోత ఆగిపోతుంది. ఇంటర్వ్యూ గదిలో మన పిల్ల ఒక్కతె. తను కాకపోతే బయట ఇంకా చాలామంది ఉన్నారు. అక్కడ సూటిగా అడగమని, నెలనెలా జీతం పడే ఆయనా నేనూ చెప్పడం తేలిక.

సూటిగా అడగాల్సిన చోటు ఇంకోటి ఉంది. ఉద్యోగ మేళా జరిగేది మన దగ్గర. కంపెనీలు మన జూనియర్ కాలేజీ గదుల్లో మన బల్లలు వేసుకుని కూర్చుంటాయి. మనుషులు కావాలనే అంతదూరం వస్తాయి. అక్కడ అడగాల్సింది పిల్లలు కాదు, మనం. కిందటిసారి ఇక్కడి నుంచి ఎంతమందిని తీసుకుపోయారు, వాళ్ళలో మీ దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, పోయినవాళ్ళు ఎందుకు పోయారు? నేను చూసిన మేళాల్లో ఇంతమందికి ఆఫర్ లెటర్లు ఇచ్చామని మైకులో చదివారు, మరునాడు పేపర్లో వచ్చింది. ఆరు నెలల తరువాత లెక్క ఎవరూ చదవలేదు. మేమూ అడగలేదు. మేం ఆ రోజు పిల్లల్ని వరుసలో నిలబెట్టే పనిలో ఉన్నాం.

కిందటి నెల మేమిద్దరం ఒక పొడుగు నోటుపుస్తకం కొన్నాం. ఈ చుట్టుపక్కల గూడేల నుంచి బయట పనికి పోయిన పిల్లల పేరు, పోయిన చోటు, చేరిన నెల, ఇప్పుడు ఉన్నారా లేదా, ఉంటే కొత్తగా పోయేవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడతారా అని గీతలు కొట్టాం. ఎవరైనా పిల్లలు ఫలానా చోట మనోళ్ళు ఉన్నారా అంటే చూసి చెప్పడానికి. పదిహేడు పేర్లయ్యాయి. తొమ్మిది మంది అక్కడే ఉన్నారు. ఐదుగురు తిరిగొచ్చారు, వాళ్ళ కారణాలు ఇంకా రాయాలి. ముగ్గురి ఫోన్లు కలవడం లేదు. వాళ్ళ ఇళ్ళకు ఈ ఆదివారం వెళుతున్నాం.